మాదాపూర్‌లో నక్షత్రాల వర్క్‌షాప్, వెళ్లొచ్చా?

పోయిన ఆదివారం మావాణ్ణి తీసుకుని మాదాపూర్‌లో ఓ చిన్న హాల్లో పెట్టిన ఖగోళం వర్క్‌షాప్‌కి వెళ్లాను, టికెట్ మనిషికి 600. ముందే చెప్తున్నా, 40 నిమిషాలు లేటు, పార్కింగ్ నరకం.

కానీ క్లాస్ చెప్పినాయన మాత్రం సూపర్. అట్టపెట్టెకి బ్లేడుతో సన్నటి చీలిక కోసి, లోపల పాత సీడీ ముక్క అంటించి, వెలుగుని రంగులుగా విడదీసి చూపించే స్పెక్ట్రోస్కోప్ ఇదే అని చేతికిచ్చాడు. సోడియం దీపం వైపు తిప్పితే ఒకే ఒక్క పసుప్పచ్చ గీత! మావాడు ఇక పెట్టె వదిలితే ఒట్టు. నక్షత్రం వెలుగులోనూ ఇలాంటి గీతలే ఉంటాయి, కాకపోతే నల్లగా, వాటిని చూసే ఏ మూలకం ఎంతుందో లెక్కగడతారట. హీలియం కంటే బరువైనవన్నీ ఈ ఖగోళం వాళ్లకి 'లోహాలే', ఆక్సిజన్‌తో సహా. భారీ నక్షత్రాలు త్వరగా పేలిపోయి ఆక్సిజన్, మెగ్నీషియం చల్లుతాయి, ఇనుములో ఎక్కువ భాగం తెల్ల మరుగుజ్జుల (ఇంధనం అయిపోయిన నక్షత్రాల మిగిలిపోయిన గుండెకాయల) పేలుళ్ల నుంచి తీరిగ్గా వస్తుంది. అందుకే ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువున్న నక్షత్రం సాధారణంగా గెలాక్సీ తొలిరోజుల్లో పుట్టినదై ఉంటుంది.

1868 సూర్యగ్రహణానికి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులోనే స్పెక్ట్రోస్కోప్ పెట్టి చూశాడన్న ముక్క ఎందుకు వదిలేశారో మరి. పదేళ్లలోపు పిల్లలైతే వద్దు, నిద్రపోతారు. చాయ్ చల్లారిపోయింది, సమోసా బాగుంది.