హాంగ్‌జౌలో భోజనం: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి వద్దు

2023 ఆసియా క్రీడల పుణ్యమా అని హాంగ్‌జౌ పేరు మన ఇళ్ళల్లో కూడా వినబడింది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది అక్కడే. అమలాపురం కుర్రాడు సాత్విక్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో బంగారం కొట్టిందీ అక్కడే. చైనా వాళ్ళకి మాత్రం ఈ ఊరు అనగానే ముందు గుర్తొచ్చేది వెస్ట్ లేక్. మూడు వైపులా కొండలు, ఒక వైపు ఊరు, మధ్యలో సరస్సు. 1138 నుంచి 1276 దాకా ఇది దక్షిణ సాంగ్ రాజ్యానికి రాజధాని. ఉత్తరాన కైఫెంగ్ నగరం 1127లో శత్రువుల చేతిలో పడ్డాక, అక్కడి నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళు తమ వంటల్ని కూడా వెంట తెచ్చుకున్నారు. ఈ ఊరి వంట వెనక ఆ చరిత్ర అంతా ఉంది.

మేం వెళ్ళింది ప్రధానంగా తినడానికే. నేను అన్నీ తింటాను, మా ఆవిడ పూర్తి శాకాహారి. షాంఘైలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కుటుంబం కూడా కలిసింది కాబట్టి చైనీస్ భాష విషయంలో టెన్షన్ లేదు, పెద్ద టేబుల్ తీసుకుని పది రకాలు చెప్పుకునే వీలూ దొరికింది. షాంఘై హోంగ్‌చావ్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటలోపే హాంగ్‌జౌ ఈస్ట్‌లో దిగొచ్చు.

ముందే ఒక మాట. ఇక్కడి వంటలో కారం ఉండదు. సోయా సాస్, కొంచెం తీపి, షావోషింగ్ బియ్యపు వైన్, అల్లం, అంతే. చైనాలోనే చాలామంది నెటిజన్లు ఈ ఊరిని 'ఆహార ఎడారి' అని ఎగతాళి చేస్తుంటారు. కారంగా ఉండే సిచువాన్ వంటకి అలవాటు పడ్డ వాళ్ళకి అలా అనిపించడం సహజమే, మనకీ మొదటి పూట అలాగే అనిపిస్తుంది. కానీ ఆ మాటతో నేను ఏకీభవించను. కారం, మసాలా దట్టిస్తే కాస్త పాత చేప కూడా చెల్లిపోతుంది. ఇక్కడ ఆ ముసుగు లేదు. చేప తాజాది కాకపోయినా, వెదురు కొమ్ము తవ్వి రెండు రోజులైనా, మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది. అందుకే ఈ ఊళ్ళో నాసిరకం వంటకీ మంచి వంటకీ మధ్య తేడా మరీ ఎక్కువ. డబ్బు పెట్టాల్సింది కిటికీలోంచి కనబడే సరస్సుకి కాదు, వంటగదికి.

ఇది బాగా అర్థమయ్యేది వెస్ట్ లేక్ వెనిగర్ చేప దగ్గర. గడ్డిచేపని చంపే ముందు ఒకటి రెండు రోజులు మంచినీళ్ళలో మేత లేకుండా ఉంచుతారు, కడుపులో బురద వాసన పోవడానికి. తర్వాత నూనె చుక్క లేకుండా నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉడికించి, వెనిగర్, పంచదార, సోయా, పిండి కలిపిన నల్లటి చిక్కటి సాస్ పైన పోస్తారు. పులుపు చేప అనగానే నెల్లూరు చేపల పులుసు ఊహించుకుని కూర్చుంటే నిరాశ తప్పదు. పులుసులో చేప రాత్రంతా ఊరి పులుపుని లోపలికి పీల్చుకుంటుంది. ఇక్కడ పులుపు పైపైనే ఉంటుంది, లోపల చేప తన సొంత రుచితోనే ఉండాలి. సరస్సు ఒడ్డున ఒక హోటల్లో, పేరు వద్దు, మాకు పెట్టిన చేపలో ఆ సొంత రుచి అంటే బురద వాసనే. ముళ్ళు సన్నగా, లెక్కలేనన్ని. టేబుల్ మీద సగం చేప మిగిలిపోయింది. అదే వంటకాన్ని ఇంకో చోట గడ్డిచేప బదులు ముళ్ళు తక్కువ ఉండే మేలురకం చేపతో చేశారు. సాస్ అదే, పద్ధతి అదే. తెల్లటి కండ పొరలు పొరలుగా విడిపోతూ, అల్లం వాసనతో, చివర్లో లేత తీపితో ఉంది. ఇప్పుడు చాలా మంచి హోటళ్ళు ఇలా చేప మార్చేస్తున్నాయి. సంప్రదాయం పోయిందని బాధపడే వాళ్ళున్నారు గానీ, నా ఓటు మాత్రం దీనికే. ఆర్డర్ చేసే ముందు ఏ చేప వాడుతున్నారో అడగండి.

ఒడ్డున పాత హోటళ్ళలో పెద్ద పేరు లౌవైలౌ. 1848లో మొదలైంది, గూషాన్ అనే చిన్న కొండ పాదాల దగ్గర ఉంటుంది. అక్కడ డోంగ్‌పో పంది మాంసం తినొచ్చు. 1089లో ఇక్కడ అధికారిగా వచ్చిన కవి సూ డోంగ్‌పో సరస్సులో పూడిక తీయించి, ఆ మట్టితో దాదాపు మూడు కిలోమీటర్ల కట్ట వేయించాడు. ఆ కట్ట మీద ఇప్పటికీ జనం నడుస్తున్నారు. సంతోషించిన జనం తెచ్చిచ్చిన పంది మాంసాన్ని, వైన్‌నీ కలిపి వండించి పనివాళ్ళకి పంచాడని కథ. కొవ్వు, కండ పొరలున్న ముక్కని షావోషింగ్ వైన్, సోయా, పటికబెల్లంతో సన్నటి మంట మీద గంటల తరబడి ఉడికిస్తారు. చాప్‌స్టిక్ తగిలితే విరిగిపోవాలి, కానీ నోట్లో జిడ్డు తెలియకూడదు. మనిషికి ఒక ముక్క చాలు. తామరాకులో చుట్టి మట్టి పూసి కాల్చే 'బిచ్చగాడి కోడి' కూడా తినాలనుంటే చాలాచోట్ల ముందే చెప్పి పెట్టుకోవాలి, కాలడానికి గంటలు పడుతుంది. పర్యాటకులు ఎక్కువ కాబట్టి ఇలాంటి పాత హోటళ్ళకి వారం మధ్యలో, మధ్యాహ్నం పదకొండుకే వెళ్ళడం మంచిది.

ఇక ఖరీదైన భోజనం. మంచి హోటళ్ళకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ హాంగ్‌జౌకి 2023లో మొదటిసారి వచ్చింది. ఫోర్ సీజన్స్ హోటల్లోని జిన్ షా, హయత్ వాళ్ళ '28 హూబిన్ రోడ్' రెస్టారెంట్లు ఆ మొదటి జాబితాలోనే ఒక్కో స్టార్ తెచ్చుకున్నాయి. ఇలాంటి చోట్ల మనిషికి 600 నుంచి 1000 యువాన్లు అనుకుని వెళ్ళాలి. యువాన్‌కి 12 రూపాయల పైనే, బిల్లు మీద సర్వీస్ ఛార్జి అదనం. టిప్పు ఇవ్వక్కర్లేదు. అంత డబ్బుకి తగినది దొరుకుతుందా అంటే, 28 హూబిన్ రోడ్‌లో గోపురం ఆకారంలో వచ్చే పంది మాంసం చూస్తే దొరుకుతుందనే అంటాను. ఒకే ముక్కని తెగకుండా పొడవాటి పల్చని పట్టీలా కోసి, అచ్చులో మెట్లు మెట్లుగా చుట్టి, లోపల ఎండు వెదురు కొమ్ములు కూరి వండుతారు. పక్కన చెస్ట్‌నట్ పిండితో చేసిన చిన్న రొట్టెలు. పట్టీ విప్పి, రొట్టెలో పెట్టుకుని తినాలి. కత్తి మీద అంత పట్టు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో! మాంసం రసమంతా తాగిన ఆ వెదురు కొమ్ములే నాకు మాంసం కన్నా నచ్చాయి.

కానీ మొత్తం ప్రయాణంలో నా మనసు దోచింది కొండవైపు, తేయాకు తోటల మధ్య ఉన్న లోంగ్‌జింగ్ త్సావ్‌థాంగ్ అనే రెస్టారెంట్. ఇంగ్లీషులో డ్రాగన్ వెల్ మేనర్ అంటారు. మెనూ లేదు. విడివిడి గదులు, గదికొక టేబుల్, టేబుల్‌కి ఇంత అని ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరే వెళ్తే బాగా ఖరీదు, ఆరేడుగురు ఉంటే భరించొచ్చు. చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గర ఆ రోజు ఏం దొరికితే అదే వండుతారు. ఏ వస్తువు ఎవరి దగ్గర కొన్నారో పుస్తకంలో రాసి పెట్టుకుంటారు. అజినొమొటో వాడరు. భోజనం వేడి సోయా పాలతో మొదలవుతుంది, అందులో ఎవరికి కావల్సిన ఉప్పటి నంజుళ్ళు వాళ్ళు వేసుకోవచ్చు. వసంతకాలం కాబట్టి వెదురు కొమ్ములు సోయా, పంచదారలో మగ్గించి పెట్టారు. పెళుసుగా ఉంటూనే నోట్లో కరిగిపోయాయి. ఆడంబరం ఏమీ లేని ఈ భోజనమే హోటల్ భోజనం కన్నా గొప్పదని నా అభిప్రాయం. తెల్లటి టేబుల్ గుడ్డలు, వెండి పళ్ళేలు కోరుకునే వాళ్ళకి మాత్రం ఇది నచ్చకపోవచ్చు.

ఏప్రిల్ మొదట్లో వెళ్తే లోంగ్‌జింగ్ రొయ్యలు తప్పకుండా తినాలి. ఏప్రిల్ 4 లేక 5న వచ్చే చింగ్‌మింగ్ పండుగకి ముందు కోసిన లోంగ్‌జింగ్ తేయాకుకే అన్నిటికన్నా ఎక్కువ ధర. చిన్న మంచినీటి రొయ్యలని వొలిచి, గుడ్డు తెల్లసొన, పిండి పట్టించి, క్షణంలో వేయించి, పైన కొత్త తేయాకు, ఆ టీ నీళ్ళు చిలకరిస్తారు. టీ ఘాటుగా ఉండదు, తిన్నాక గొంతులో మిగులుతుంది. పాత ఆకుతో చేస్తే ఇది వట్టి రొయ్యల వేపుడే. తేయాకు గ్రామాల్లో బయట నుంచుని లోపలికి పిలిచే వాళ్ళ దగ్గర మాత్రం టీ కొనకండి. ఒకచోట మాకు పోసిన టీ ఒకటి, పొట్లం కట్టింది ఇంకొకటి.

శాకాహారుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆకుకూర అని చెప్పినా పంది కొవ్వులో వేయించడం, మాంసం రసం పోయడం ఇక్కడ మామూలే. అందుకే 'మాంసం వద్దు' అంటే సరిపోదు, మాంసం రసం, కొవ్వు కూడా వద్దని ఫోన్‌లో చైనీస్‌లో రాసి చూపించాలి. మా ఆవిడ నిశ్చింతగా తిన్నది లింగ్‌యిన్ ఆలయం చుట్టుపక్కలే. భారతదేశం నుంచి వచ్చిన హుయ్‌లీ అనే భిక్షువు 4వ శతాబ్దంలో దీన్ని స్థాపించాడని చెబుతారు. ఎదురుగా ఉన్న కొండని చూసి, ఇది మా దేశపు కొండే, ఇక్కడికి ఎగిరొచ్చింది అన్నాడట. ఆ కొండ పేరు ఇప్పటికీ 'ఎగిరొచ్చిన శిఖరం'. బౌద్ధ ఆలయ భోజనంలో మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పుట్టగొడుగుల నూడుల్స్, సోయా మీగడ పొరలతో చేసిన 'శాకాహార బాతు', టోఫు, అన్నీ సాదాగా, వేడిగా. ఖర్చూ తక్కువే.

ఊళ్ళో 1913 నాటి జివెయ్‌గ్వాన్ మిఠాయి కౌంటర్ దగ్గర కూడా ఆవిడకి చాలా దొరికాయి. జిగురు బియ్యం కూరిన తామర దుంప చక్రాలు, పైన ఓస్మాంథస్ పూల పాకం. చింగ్‌మింగ్ రోజుల్లో మాత్రమే వచ్చే ఆకుపచ్చ ఉండలు. వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతి ఆకు రసంతో జిగురు బియ్యప్పిండి కలిపి, లోపల ఎర్ర చిక్కుడు గింజల ముద్ద పెడతారు. కొరకగానే ఆ వాసన తెలుస్తుంది. కొన్ని ఉండల్లో మాంసం కూడా పెడతారు, అడిగి తీసుకోండి.

తక్కువ ఖర్చులో అయితే 1867 నాటి క్వెయ్‌యువాన్‌గ్వాన్‌లో ప్యాన్అర్ చువాన్ నూడుల్స్. ఊరేసిన ఆకుకూర, వెదురు కొమ్ములు, పంది మాంసం పలుకులు. పిల్లలతో వెళ్తే ఈ ఊళ్ళోనే పుట్టి దేశమంతా పాకిన 'గ్రీన్ టీ', 'గ్రాండ్‌మాస్ హోమ్' రెస్టారెంట్ చెయిన్లు సుఖం.

బస విషయానికొస్తే, హూబిన్ వైపు ఉంటే మెట్రో, షాపులు, సరస్సు అన్నీ నడిచేంత దూరం. లోంగ్‌షియాంగ్‌చావ్ స్టేషన్ దగ్గర్లో హోటల్ చూసుకోండి. పండుగ సెలవుల్లో మాత్రం అక్కడ జనం విపరీతం. మాన్‌జువేలోంగ్ వైపు హోమ్‌స్టేలు ప్రశాంతంగా, తోటలకి దగ్గరగా ఉంటాయి, కానీ రాత్రి భోజనం చేసి తిరిగొచ్చేసరికి ట్యాక్సీ దొరకడం కష్టం. మేం మొదట బుక్ చేసిన ఒక చిన్న హోమ్‌స్టేలో విదేశీ పాస్‌పోర్ట్ నమోదు చేయడం రాక చాలాసేపు కూర్చోబెట్టారు. బుక్ చేసేటప్పుడే ఈ సంగతి మెసేజ్ పెట్టి అడగండి.

డబ్బంతా ఫోన్‌లోనే. చైనా వాళ్ళ చెల్లింపు యాప్ అలీపేలో మన వీసా, మాస్టర్ కార్డు ఇండియాలో ఉండగానే ఎక్కించుకుని వెళ్ళాలి, చాలా చోట్ల మెనూ కూడా టేబుల్ మీది క్యూఆర్ కోడ్‌లోనే ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నర దాటితే చాలా వంటగదులు మూసేస్తారు. ప్రత్యేక గది కావాలంటే కనీసం ఇంత ఖర్చు చేయాలన్న షరతు ఉంటుంది, అది ముందే కనుక్కోవాలి. మళ్ళీ వెళ్తే అక్టోబరు రెండో వారం తర్వాత వెళ్తాను. జాతీయ సెలవుల రద్దీ తగ్గి ఉంటుంది, ఓస్మాంథస్ పూలు, పీతలు రెండూ ఉండే కాలం అది.