పొద్దుటి ఎండా, బ్లూ లైట్ కళ్లద్దాలా: నిద్రకి ఏది మేలు?

నిద్ర పట్టట్లేదు అని ఎవరితో అన్నా వెంటనే వచ్చే సలహా ఒకటే, ఫోన్‌లో నైట్ మోడ్ పెట్టుకో లేదా నీలి వెలుతురుని ఆపే బ్లూ లైట్ కళ్లద్దాలు కొనుక్కో. నేను రెండూ చేశాను. ఆ కళ్లద్దాలు పెట్టుకుని ధీమాగా ఒంటిగంట దాకా వీడియోలు చూశాను, ఇంకేం నిద్ర పడుతుంది నా మొహం.

నీలి వెలుతురు గొడవ అబద్ధమేం కాదు. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే, వెలుతురుని పట్టే పదార్థం ఉండే కణాలు కొన్ని ఉన్నాయి, అవి సొంతంగా వెలుతురుని పసిగడతాయని 2002లో తేలింది, 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి బాగా స్పందిస్తాయి, వాటి కబురు మెదడులో నిద్ర, మెలకువల వేళలు చూసే గడియారానికి చేరితే అది నిద్రకి సిద్ధం చేసే హార్మోన్ మెలటోనిన్‌ని ఆపేస్తుంది. అందుకే రాత్రి నీలం వద్దంటారు. కానీ ఎంత వెలుతురు అని ఎవరూ అడగరు, అసలు తేడా అక్కడే ఉంది.

నేరుగా పడే ఎండ దాదాపు లక్ష లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క), మబ్బు పట్టిన రోజు కూడా బయట వేలల్లో ఉంటుంది, ఇంట్లో లైట్ల కింద మాత్రం మామూలుగా 100 నుంచి 500, ఇక ఫోన్ నుంచి కంటికి చేరేది పదుల్లోనే. అంటే పగలంతా గదిలో కూర్చునే మనిషికి గడియారం దృష్టిలో సరిగ్గా తెల్లారనే లేదు. ఇంకో సంగతి, పగలు బాగా వెలుతురు తగిలితే రాత్రి లైట్లు చేసే చెడు కొంచెం తగ్గుతుంది, ఈ పని ఏ కళ్లద్దాలూ చేయలేవు.

కళ్లద్దాల విషయానికొస్తే, 2023లో, వైద్య పరిశోధనలని పోగేసి తూకం వేసే కాక్రేన్ వాళ్లు 17 ట్రయల్స్ కలిపి చూస్తే కంటి అలసట తగ్గడానికి పెద్దగా పనికొస్తున్నట్టు కనపడలేదు, నిద్ర సంగతి కూడా తేలలేదు. మామూలు తెల్లటి అద్దాలు ఆపేదే కొంచెం. ముదురు నారింజ రంగువి ఎక్కువే ఆపుతాయి గానీ వాటితో ఇంట్లో తిరిగితే వెల్డింగ్ పనికి వెళ్తున్నట్టుంటుంది. దానికన్నా పడుకునే ముందు రెండు మూడు గంటలు పెద్ద లైట్లు ఆపేసి, నీలిఛాయ తెల్ల వెలుతురిచ్చే 6500 కెల్విన్ బల్బు బదులు పసుపు వెలుతురిచ్చే 2700ది చిన్నది ఒకటి వేసుకోవడం నయం.

నా ఓటు పొద్దుటికే, లేచిన గంటలోపు ఓ అరగంట బయట. సూర్యుడి వైపు చూడక్కర్లేదు, చూడకూడదు కూడా. కిటికీ అద్దం వెనక కూర్చున్నా గడియారానికి ఎంతో కొంత లాభమే, విటమిన్ డి మాత్రం రాదు, దాన్ని చర్మంలో తయారుచేయించే యూవీబీ కిరణాలు అద్దం దాటవు కదా.

నైట్ షిఫ్ట్ చేసి తెల్లారి ఇంటికొచ్చి పడుకునేవాళ్లకి మాత్రం ఇదంతా తిరగబడుతుంది, వాళ్లు దారిలో ఆ పొద్దుటి ఎండనే తప్పించుకోవాలి, నల్ల కళ్లద్దాలు నిజంగా పనికొచ్చేది వాళ్లకే, కాకపోతే బండి నడుపుతూ పెట్టుకుంటే దారిలోనే కునుకు పట్టే ప్రమాదం ఉంది.