పెన్సిల్ సెల్లులతో నడిచే పాత కెమెరా: బాగుచేసుకుని నాలుగేళ్లు వాడాక

ఈ చిన్న డిజిటల్ కెమెరా 2006లో విశాఖపట్నంలో కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే కెమెరాలు ఆ రోజుల్లో చాలామంది చేశారు, నేను చెప్పేది వాటన్నిటికీ దాదాపుగా వర్తిస్తుంది. మెగాపిక్సెళ్లు, జూము సంగతి అందరికీ తెలిసిందే. నాకు దీనిమీద ఉన్న ప్రేమంతా అడుగున తెరుచుకునే ఆ చిన్న మూత మీదే. దానిలో పట్టేవి గోడ గడియారంలో వేసే సెల్లులే.

ఆ మూత విలువ నాకు తెలిసింది తిత్లీ తుఫాను అప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చెట్లూ కరెంటు స్తంభాలూ వరసగా పడిపోయాయి. రెండో రోజుకి ఇంట్లో ఉన్న మూడు ఫోన్లూ ఆగిపోయాయి. పెదనాన్న వాళ్ల పెంకుటింటి వెనక వసారా కూలింది. మట్టి ఎత్తకముందే ఫోటోలు తీసి ఉంచుకోండని అందరూ చెప్తున్నారు, తీయడానికి చేతిలో ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది బీరువాలో ఐదేళ్లుగా పడున్న ఈ కెమెరా.

వీధి చివర కొట్టులో కొవ్వొత్తి వెలుగులో రెండు సెల్లులు కొన్నాను. అవి మామూలు చవక రకం. తొమ్మిది ఫోటోలకే కెమెరా ఆగిపోయింది. మళ్లీ వెళ్లి ఆల్కలైన్ రకం అడిగి తెచ్చాను. తెర ఆపేసి, పైనున్న కంతలోంచి కన్ను పెట్టి చూస్తూ తీశాను, తెర వెలగకపోతే సెల్లు ఎక్కువసేపు నిలుస్తుంది. పెదనాన్న వసారా అయ్యాక పక్కింటివాళ్ల పశువుల పాక, ఎదురింటివాళ్ల రేకులు, పడిపోయిన పనస చెట్టు అన్నీ తీశాను. ఆ ఒక్క జతతోనే డెబ్బై పైన వచ్చాయి. వీధంతా కరెంటు లేకుండా ఉన్న రోజున నా చేతిలో కెమెరా పనిచేస్తోందంటే ఎంత ధైర్యంగా అనిపించిందో!

ఆ తర్వాత కనిపించినవాళ్లందరికీ చెప్పేదాన్ని, కొంటే ఇలాంటిదే కొనాలి, దీనికి ఏ కిరాణా కొట్టయినా చాలు అని. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనను.

ఎందుకంటే కరెంటు వచ్చిన సంతోషంలో ఆ సెల్లులు తీయకుండానే కెమెరాని మళ్లీ బీరువాలో పెట్టేశాను. 2021 దసరాకి మా అమ్మాయి బయటికి తీసింది. మూత తెరిస్తే లోపల ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. ఒక సెల్లు జారి వచ్చింది, రెండోది గోడకి అతుక్కుపోయింది. స్ప్రింగు తుప్పు పట్టి ఉంది, రేకు మీద పచ్చటి చిలుము. నాకు ఏడుపొచ్చింది. ఆ తుఫాను రోజుల్లో మాకు అక్కరకొచ్చిన వస్తువుని నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను.

ఒక షాపులో చూపిస్తే దీనికి పార్టులు రావన్నారు. ఇంటికొచ్చి, కారు బ్యాటరీ కారితే వంటసోడా పూస్తారు కదా అని అదే తడిపి పూశాను. ఏ మార్పూ లేదు. బజారులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే మూత తెరిచి చూసి, "ఏటమ్మా, సోడా పూసీసినావా? ఇదే సోడా జాతిది, దానికి మళ్లీ సోడాయేటి? నిమ్మకాయ పిండు" అన్నాడు.

అసలు కిటుకు అక్కడే ఉంది. మామూలు జింకు-కార్బన్ సెల్లు కారితే వచ్చేది ఆమ్ల గుణమున్న రసం, దానికి సోడా పనిచేస్తుంది. ఆల్కలైన్ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, ఘాటైన క్షారం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్ అవుతుంది. ఆ తెల్లపొడి అదే. దాన్ని విరిచేది పులుపు. నిమ్మరసంలో చెవిపుల్ల ముంచి పొడి మీద పెట్టగానే సన్నగా నురగ లేచింది. చూస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. (చేతికి తొడుగు లేకుండా ఆ పొడి ముట్టుకోవద్దు, చర్మం మండుతుంది. ఆ చేత్తో కళ్లు అసలే నలపొద్దు.)

ఒక్కసారితో అయ్యే పని కాదు. రసం ఎక్కువైతే లోపలికి కారి సర్క్యూట్‌ని తినేస్తుంది, అందుకని పుల్ల పిండేసి తడి తడిగా మాత్రమే వాడాను. కెమెరా నిటారుగా పట్టుకుని, మూత కిందికి ఉండేలా. నురగ రావడం ఆగేదాకా తుడిచి, తర్వాత మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. అతుక్కున్న సెల్లు మాత్రం పెద్దాయనే సన్న కటింగ్ ప్లేయరుతో మెల్లగా తిప్పి తీశాడు.

కొత్త ఆల్కలైన్ సెల్లులు వేశాను. లెన్సు బయటికొచ్చింది, వచ్చీ రాగానే "బ్యాటరీ మార్చండి" అని చూపించి మూసుకుపోయింది. మళ్లీ వేరే జత. మళ్లీ అదే. ఇక అయిపోయిందనుకున్నాను. పెద్దాయన మీటరు పెట్టి చూసి, తప్పు సెల్లుది కాదు, స్ప్రింగుది అని తేల్చాడు. పైపూత పోయి తుప్పు పట్టిన స్ప్రింగు కరెంటుకి అడ్డుపడుతుంది. లెన్సు మోటారు కదిలేటప్పుడు కెమెరా ఒక ఆంపియర్ లాగిందనుకుంటే, ఆ తుప్పు దగ్గర 0.3 ఓము అడ్డున్నా 0.3 వోల్టు అక్కడే పోతుంది. రెండు సెల్లులూ కలిపి ఇచ్చేదే 3 వోల్టులు. కెమెరా పాపం సెల్లు అయిపోయిందనుకుంటుంది. ఆయన స్ప్రింగుని గీకి, కొసన పల్చగా టంకం పెట్టాడు, రేకుని ఇంకు రబ్బరుతో రుద్దాడు. అంతే, నిలబడింది. కెమెరా లోపలి భాగం మాత్రం విప్పనివ్వలేదు నేను. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవుండొచ్చు, ఆయన వేళ్లకి ఏమైనా అయితే నాకు నిద్ర పట్టదు.

అప్పట్నుంచి రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులే వాడుతున్నాను. వాటిమీద 1.2 వోల్టులే రాసి ఉంటుంది, తక్కువ కదా అని నాకూ అనుమానమే. కానీ ఎక్కువ కరెంటు లాగినా వాటి వోల్టేజి తొందరగా పడిపోదు. ఆల్కలైన్ 1.5తో మొదలైనా లాగేకొద్దీ దిగిపోతుంది. చార్జరుతో కలిపి వెయ్యి రూపాయలు దాటింది. కిరాణా కొట్టులో మాత్రం దొరకవు. అందుకే పాత పొగడ్త కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను: కొట్టు సెల్లుతో నడుస్తుంది నిజమే, కానీ అది తుఫాను రోజుకి, రోజువారీకి కాదు.

ఇంకో చిక్కు. పని అవ్వగానే సెల్లులు తీసేస్తున్నాను కదా, తేదీ పోతుంది. లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ప్రతిసారీ తేదీ పెట్టుకోవాలి, మర్చిపోతే ఫోటోలన్నీ 2006 జనవరివి అయిపోతాయి. పిట్ట కనిపించగానే టక్కున తీద్దామంటే కుదరదు. మూత గొళ్లెం వదులైంది, రబ్బరు బ్యాండు వేస్తున్నాను. కొత్త 32 జీబీ కార్డు పట్టదు, మా వారి పాత బటన్ల ఫోనులోని 2 జీబీ చిన్న కార్డుని అడాప్టర్‌లో పెడితే తీసుకుంది. రాత్రి ఫోటోలు ఇసక చల్లినట్టు వస్తాయి, అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రకి బరంపురం వెళ్తే ఇది ఇంట్లోనే ఉంటుంది.

మరి దేనికి వాడుతున్నానంటే, మా వీధిలో గేదె కొమ్ముతో బొమ్మలు చేసే కుటుంబం ఉంది, వాళ్ల సరుకు ఫోటోలు నేనే తీసి పెడతాను. ఈ కెమెరా 5 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లినా ఫోకస్ అవుతుంది. లోపల వెలుగుని పట్టే సెన్సరు చిన్నది కాబట్టి ముక్కు నుంచి తోక దాకా కొంగ బొమ్మ అంతా స్పష్టంగా వస్తుంది. మా అమ్మాయి కొత్త ఫోనులో ముక్కు తేటగా వస్తే తోక మసకేస్తుంది. పగటి వెలుగులో, కిటికీ పక్కన, తీరిగ్గా తీసుకునే నాలాంటిదానికి ఇది చాలు. పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ వాడాలనుకునేవాళ్లకి నేను చెప్పలేను, నాకు ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు సెల్లులు పాత బిస్కెట్ డబ్బాలో కెమెరా పక్కనే ఉంటాయి. నిన్న పొద్దున కొమ్ము జింక ఒకటి పట్టుకొచ్చారు. సెల్లులు వేశాను, తేదీ అడిగింది, పెట్టాను, రబ్బరు బ్యాండు వేశాను. జింక కొమ్ముల అంచుల్లోంచి వెలుగు పడి తేనె రంగులో వచ్చింది.