గంట స్తంభం దగ్గర కుట్టు సామాను: పాత బట్టకి ఏవి నిలుస్తాయి?

విజయనగరంలో గంట స్తంభం చుట్టుపక్కల సందుల్లో లేసులు, పూసలు, అద్దాలు, చమ్కీలు అమ్మే ఫ్యాన్సీ షాపులకి కొదవ లేదు. సరుకు చాలావరకు కొత్త జాకెట్లకి మగ్గం వర్కు చేయించుకునేవాళ్లని చూసి పెట్టిందే. బీరువాలో మూలపడ్డ కాటన్ కుర్తీకో, వెలిసిపోయిన దుపట్టాకో చేతికుట్టుతో మళ్లీ ప్రాణం పోద్దామనుకునేవాళ్లకి అందులో సగం పనికిరాదు. సామాను చెడ్డదని కాదు, పాత బట్ట దాన్ని మోయలేదు.

అందుకే షాపుకి వెళ్లేముందు బట్టని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. చంకల కింద, మోచేతుల దగ్గర, కూర్చునే చోట నేత పల్చబడి ఉంటుంది. అక్కడ దారం తప్ప మరేదీ వద్దు. తర్వాత రెండు బొటనవేళ్లూ ఆనించి మెల్లగా పక్కకి లాగండి. సన్నగా చిటపటమంటే లోపల పోగులు తెగుతున్నట్టే. పాత పట్టుచీరల్లో ఇది ఎక్కువ. ఆ బట్ట మీద ఎంత పనిచేసినా నిలవదు. అంచు కోసి ఇంకోదానికి వాడుకోవడమే మంచిది.

ఈ షాపుల్లో కళ్లు మూసుకుని కొనదగ్గది యాంకర్ కంపెనీ స్ట్రాండెడ్ కాటన్ దారం. కట్టకి 8 మీటర్లు, అందులో ఆరు పోగులు. పల్చటి కాటన్‌కి రెండు పోగులు, జీన్స్‌కి మూడు చాలు. రెండు పోగుల లెక్కన ఒక కట్టలో 24 మీటర్ల కుట్టుదారం ఉన్నట్టు. గొలుసు కుట్టుకి గీత పొడవుకి దాదాపు నాలుగు రెట్లు దారం పడుతుంది. కుర్తీ మెడ, రెండు చేతుల అంచులు కలిపి 130 సెంటీమీటర్లు అనుకుంటే వరసకి అయిదు మీటర్ల పైచిలుకు. ముడులకీ కొసలకీ పోయింది పోగా ఒక్క కట్టతో మూడు వరసలు నిక్షేపంగా వస్తాయి. ఒకే రంగులో అరడజను కట్టలు అంటగట్టబోతే ఈ లెక్క చెప్పండి. లేబుల్ మాత్రం పారేయకండి. దారం మధ్యలో అయిపోతే దానిమీది రంగు నంబరే దిక్కు.

పోగుల్ని ఒక్కొక్కటిగా పైకి లాగి తర్వాత కలపాలి. రెండూ ఒకేసారి లాగితే చిక్కుపడతాయి. మూరెడు మించి ఎక్కించొద్దు. పొడుగు దారం ప్రతి కుట్టుకీ గుడ్డలోంచి రాసుకుంటూ వచ్చి, చివరికి నూగు లేచి మెరుపు పోతుంది.

పక్కనే తళతళలాడే ‘సిల్కు’ దారం రీళ్లు కనబడతాయి. వాటిలో చాలావరకు రేయానే. రేయాన్ తడిస్తే బలం తగ్గుతుంది. పెళ్లికి వేసుకుని మడతపెట్టే జాకెట్టుకి పర్వాలేదు గానీ వారానికోసారి ఉతికే కుర్తీకి వద్దు.

రంగు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువ బట్టలు పాడయ్యేది ఇక్కడే. ఎరుపు, మెరూన్, నలుపు, ముదురు నీలం ఏ కంపెనీ దారమైనా ముందు చిన్న ముక్క తడిపి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. మరక దిగితే లేతరంగు బట్ట జోలికి ఆ దారం తేవద్దు. ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు గట్టిపడుతుందని కౌంటర్ దగ్గర ధీమాగా చెప్తారు. గట్టిపడదు. దారానికి అంటుకోకుండా మిగిలిన రంగు నీళ్లలోకి పోయేదాకా చన్నీళ్లలో జాడించడమే మార్గం. నీళ్లు తేటపడ్డాక నీడన ఆరబెట్టి అప్పుడు కుట్టాలి.

కాటన్ లేసుదీ ఇలాంటి తంటానే, కాకపోతే రంగు కాదు, కుంచించుకుపోవడం. పాత కుర్తీ ఎన్నో ఉతుకులు చూసి కుంచించుకోవాల్సినంతా కుంచించుకుపోయింది. కొత్త లేసు ఇంకా నీళ్లే చూడలేదు. రెండూ కలిపి కుట్టి ఉతికితే లేసు ముడుచుకుని కింది అంచంతా కుచ్చులు పడుతుంది. ఘేరు, అంటే కింది అంచు చుట్టుకొలత, కొలిచి దానికి పదో వంతు కలిపి కొని, గంటసేపు నానబెట్టి ఆరబెట్టాకే కొలతకి కోయండి. కోసిన లేసు ఏ షాపువాళ్లూ వెనక్కి తీసుకోరు.

అద్దాలు రెండు రకాలు. ప్లాస్టిక్‌వి తేలిక, కానీ గీతలు పడి త్వరగా మసకబారతాయి. పాత కాటన్‌కి సన్న గాజు అద్దాలే అందం. వేలిగోరు అంచున తిప్పి చూడండి, గోరు గీసుకుంటే ఆ అద్దం దారాన్ని కూడా కోసేస్తుంది. ప్యాకెట్లో అలాంటివి తప్పకుండా కొన్ని ఉంటాయి, ఏరి పక్కన పెట్టేయాలి. కుట్టేటప్పుడు ముందు నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు వేసి, అవి దాటుకునే చోట ఒకదాని కిందుగా ఒకటి పోనివ్వాలి. ఈ నాలుగూ అద్దం మధ్యకి దగ్గరగా పడాలి. చుట్టూ కాజా కుట్టు వేస్తూ లాగినప్పుడు అవి బయటికి జరుగుతాయి కాబట్టి, మొదటే అంచున వేస్తే అద్దం ఊడి చేతిలోకి వస్తుంది. వెనక పాత పంచె ముక్క పెట్టి రెండూ కలిపి కుట్టండి. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ కాబట్టి అది ముడుచుకోదు, బరువూ పంచుకుంటుంది.

జిగురుతో అంటించే కుందన్లు డబ్బు దండగ. పల్చటి గుడ్డలో జిగురు ఇంకి వెనక నల్లటి చుక్కలా కనబడుతుంది, ఉతికితే రాయి పోయి చుక్క మిగులుతుంది. చమ్కీలు పర్వాలేదు. అయిదారిటికోసారి వెనక ముడి వేస్తూ పోతే ఒకచోట దారం తెగినా వరసంతా రాలదు. ఇస్త్రీ ఎప్పుడూ తిరగేసి, కింద తువ్వాలు పరిచి, తక్కువ వేడి మీద. నేరుగా పెడితే ముడుచుకుపోతాయి.

సూదులు కలగలుపు ప్యాకెట్ తీసుకోండి, అందులో 7, 8 నంబర్లే ఎక్కువ వాడతారు. పూసలకి 10. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. కుట్టేటప్పుడు బట్టని బిగించి పట్టే రింగు చెక్కది, అయిదారు అంగుళాలు. లోపలి చక్రానికి గుడ్డపేలిక చుడితే బట్ట జారదు. రాత్రికి రింగులోంచి బట్ట తీసేయాలి, లేకపోతే గుండ్రటి మరక ఓ పట్టాన వదలదు.

నూనె, పసుపు మరకల్ని కప్పడానికి సరిగ్గా వాటి మీదే ఒక పువ్వు కుట్టేవాళ్లున్నారు. అది ఇక్కడ మరక ఉందని చెప్పినట్టే. భుజం నుంచో పక్క కుట్టు నుంచో తీగ మొదలుపెట్టి మరక మీదుగా పోనివ్వాలి. పువ్వు నింపడానికి సాటిన్ కుట్టు, అంటే పక్కపక్కనే ఆనించి వేసే నిండు కుట్టు, వద్దు. సూది పోట్లు మరీ దగ్గరగా పడి, తపాలా బిళ్లల షీటు మీద చిల్లుల్లా, బట్ట ఆ గీతనే చిరుగుతుంది. గొలుసు కుట్టు మేలు. అన్నిటికన్నా మేలు బొంతకుట్టు, మన ఇళ్లలో పాత చీరలన్నీ కలిపి వేసే ఆ సాదా కుట్టే.

శ్రీకాకుళం వైపు ఇళ్లలో పాత పొందూరు ఖద్దరు ఉంటే దాని దారి వేరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి చేత్తో వడికిన సన్న నూలు అది. అద్దాలు, పూసలు అసలే వద్దు, ఇస్త్రీతో అతికే కాన్వాసు అంతకన్నా వద్దు. ఒకే పోగు, 9 లేదా 10 నంబరు సూది, అంచు పొడవునా తెల్ల మీద తెల్ల బొంతకుట్టు. దారం బిగించి లాగితే నేత పోగులు పక్కకి జరిగి చిల్లులు కనబడతాయి, వదులుగానే పోనివ్వండి.

దసరాకి, పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజుల్లో ఈ షాపుల్లో కౌంటర్ దగ్గర నిలబడటానికే చోటుండదు, రంగు పోల్చుకోవడం కలలో మాట. మామూలు రోజున పొద్దుటే వెళ్లండి, బట్టని వెంట తీసుకెళ్లండి. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవకపోవచ్చు. బయట మెట్ల మీద చూసుకుంటానంటే కాదనేవాళ్లు తక్కువే. కాదంటే పక్క షాపు ఎలాగూ ఉంది.