కోటకీ మూడు లాంతర్లకీ మధ్య సింగిల్ బెడ్రూం వాటాలు: దిగేముందు చూడాల్సినవి

విజయనగరంలో బండి అవసరం లేకుండా కాపురం చెయ్యగల చోటు ఏదంటే కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి చుట్టూ ఉన్న వీధులే. కిరాణా, మందుల షాపు, టిఫిను, బట్టల కొట్లు, పైడితల్లమ్మ గుడి అన్నీ కాలినడకనే అయిపోతాయి. పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి, ఇద్దరే ఉండే జంటకి ఇంతకన్నా అనువైన చోటు ఊళ్ళో లేదు. రోజూ విశాఖ వెళ్ళొచ్చేవాళ్ళు మాత్రం ఆర్టీసీ బస్సు కాంప్లెక్సు వైపో రైల్వే స్టేషను వైపో చూసుకోవడం మేలు.

చోటు మంచిదే, ఇళ్ళ విషయంలోనే జాగ్రత్త కావాలి. ఇక్కడ సింగిల్ బెడ్రూం అంటే చాలాసార్లు అపార్టుమెంటులో ఫ్లాటు కాదు, పాత డాబాని రెండు మూడు వాటాలుగా విడగొట్టినది. కొత్త రంగు, కొత్త టైల్సు చూసి అడ్వాన్సు ఇచ్చెయ్యకండి.

ముందు నీళ్ళు. మునిసిపల్ కుళాయి ఏ వేళకి వస్తుంది, సంపులోకి వెళ్తుందా లేక అందరూ ఒకే కుళాయి దగ్గర పట్టుకోవాలా అన్నది ఇంటివాళ్ళని కాదు, పక్క వాటావాళ్ళని అడగండి. ఆ నీళ్ళొచ్చే వేళకే ఇల్లు చూడ్డానికి వెళ్తే ఇంకా మంచిది. వంటింటి కుళాయి, బాత్రూం కుళాయి ఒకేసారి తిప్పి చూడండి. పై వాటాలో ట్యాంకుని స్లాబు మీదే ఆనించి పెట్టి ఉంటే షవరు సరిగా పనిచెయ్యదు. నీటి మట్టం పది అడుగుల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడే సుమారు 0.3 బార్, అంటే తక్కువే. ట్యాంకు మన నెత్తి మీదే ఉంటే అదీ రాదు. ట్యాంకు కింద దిమ్మ కట్టారో లేదో మేడెక్కి చూసుకోవాలి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గార కట్టి ఉంటే బోరునీళ్ళలో సున్నం ఎక్కువని అర్థం. పప్పు ఉడకదు, గీజరు కాయిల్ తొందరగా పోతుంది.

కింద వాటా అయితే గుమ్మం రోడ్డుకన్నా ఎంత ఎత్తులో ఉందో కొలవండి. పాత వీధుల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు కాబట్టి ఇళ్ళు పల్లంలో పడిపోతాయి. గుమ్మం రోడ్డుకి సమానంగా ఉందంటే గట్టి వానకి కాలవ నీళ్ళు ముందుగదిలోకే వస్తాయి. గోడ అడుగున జానెడు ఎత్తు మేర మాత్రమే కొత్త రంగు కనబడితే అక్కడ చెమ్మ ఉన్నట్టే.

పై వాటాకి ఎండ బాధ. పొద్దున్న చూస్తే తెలియదు. సాయంత్రం ఏడింటికి వెళ్ళి పడగ్గది పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించండి. అప్పటికీ వెచ్చగా ఉంటే వేసవిలో రాత్రి పన్నెండు దాకా ఆ గదిలో పడుకోలేరు.

కరెంటు మీటరు ఎవరికి వారికి వేరుగా ఉండాలి, దీన్ని వదులుకోవద్దు. సబ్‌మీటరుతో (ఒకే కనెక్షను మీద వాటా వాటాకీ ఇంటివాళ్ళు పెట్టే లెక్క మీటరు) సరిపెడతామంటే లెక్క చూసుకోండి. 2022 నాటి శ్లాబుల (యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్లు) ప్రకారం 120 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ సుమారు 395 రూపాయలు. అలాంటి రెండు ఇళ్ళు ఒకే మీటరు మీద ఉంటే 240 యూనిట్లకి సుమారు 1,148 అవుతుంది, అంటే తలా 574. వాడకం ఏమీ పెరగలేదు, యూనిట్లు కలిసి పై శ్లాబుకి ఎక్కాయి, అంతే. ఇద్దరిలో ఒకరికి ఏసీ ఉంటే ఆ భారం రెండోవాళ్ళ మీద కూడా పడుతుంది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ. ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ళ ఉత్సవం నుంచే ఈ వీధుల్లోకి బండి రావడం కష్టం. గ్యాసు, పాలు, మంచినీళ్ళ టిన్నులు ఆదివారమే తెచ్చిపెట్టుకోండి. ఆ వారంలో ఇల్లు మారే ఆలోచన పెట్టుకోవద్దు. మేడమీద వాటాకి ఆ రోజు సిరిమాను చూడ్డానికి వచ్చే చుట్టాలు తప్పరు, అది ఈ పేటలో ఉండే భాగ్యం కూడా.

కాగితం మాట. ఏడాది దాటని లీజుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని అందరూ 11 నెలలకే రాసుకుంటారు, కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఎంత కాలం లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. ఒప్పంద కాగితంలో మూడు విషయాలు విడిగా ఉండాలి: ఖాళీ చెయ్యడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, రంగుల కోసం అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు, నీళ్ళ మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలి. గొడవలు ఎక్కువగా ఈ మూడో దాని మీదే వస్తాయి. హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు చూపించుకునే ఉద్యోగస్తులు, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఇంటివాళ్ళ పాన్ నంబరు ఇవ్వాలి. అది ఇస్తారో లేదో అడ్వాన్సుకి ముందే అడగండి, తర్వాత అడిగితే మొహమాటాలు మొదలవుతాయి. అడ్వాన్సు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పంపండి. తాళాలు తీసుకున్న రోజునే మీటరు రీడింగు ఫోటో తీసి ఇంటివాళ్ళకి కూడా పంపించండి.