ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్)లో పాత సీజన్ చూడాలంటే: లేకర్స్ జట్టు 1971-72? బుల్స్ జట్టు 1995-96?

గెలుపులు: 82 మ్యాచ్‌లకు లేకర్స్ 69, బుల్స్ 72. లెక్కల్లో బుల్స్‌దే పైచేయి.

కథ: ఇందులో మాత్రం లేకర్స్‌కు సాటి లేదు. మోకాళ్లు సహకరించక జట్టు స్టార్ ఎల్జిన్ బేలర్ సీజన్ మొదట్లోనే ఆట మానేశాడు. ఆ వెంటనే జట్టు వరసగా 33 మ్యాచ్‌లు గెలిచింది! ఒకప్పుడు మ్యాచ్‌కు సగటున 50 పాయింట్లు కొట్టిన మరో లేకర్స్ ఆటగాడు చాంబర్లేన్, 15 లోపుతో సరిపెట్టుకుని రీబౌండ్ల (గురి తప్పిన బంతిని అందుకోవడం) మీద పడ్డాడు. ఆ అణకువ నాకు రికార్డుకన్నా గొప్పగా తోస్తుంది.

శ్రమ: బుల్స్ వీడియోలు సులువుగా దొరుకుతాయి. లేకర్స్‌వి అరకొరే, చదివి ఊహించుకోవాలి.

ఇబ్బంది: 1972లో ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీతే (దాని బయటి నుంచి బుట్టలో వేస్తే మూడు పాయింట్లు) లేదు. నేటి ప్రేక్షకుడికి వింతగా ఉండవచ్చు.

ఆటకు కొత్తవారైతే బుల్స్. కూర్చోబెట్టడానికి వాళ్ల స్టార్ మైకేల్ జోర్డాన్ చాలు. ఆట తెలిసి, చదివే ఓపిక ఉంటే లేకర్స్.