తిరుపతిలో సెకండ్ హ్యాండ్ యాక్సెస్ పాయింట్లు కొంటున్నారా? స్టిక్కర్ మీద మాక్ అడ్రస్‌ను నమ్మొద్దు

లాడ్జీలకు, పీజీ హాస్టళ్ళకు పాత నెట్‌వర్క్ సామాన్లు ఇస్తానని వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఫొటోలు పెడతాడే, ఆయన గురించే ఇది. పేరు రాయను. ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. బ్రహ్మోత్సవాల ముందు గోవిందరాజస్వామి గుడి దగ్గర మూడంతస్తుల లాడ్జికి ఆయన దగ్గర నాలుగు డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండూ ఇచ్చే) యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై పంచే పెట్టెలు కొన్నా, ఒక్కోటి 2,200, మొత్తం 8,800. పెద్ద కంపెనీ పేరు, పెట్టె, వెనకాల స్టిక్కర్ అన్నీ ఉన్నాయి. బిల్లు లేదు. బిగించిన రాత్రే మెట్ల మీద వైఫై తెగడం మొదలైంది.

సంగతేందంటే, నాలుగింటికీ మాక్ అడ్రస్ (ఒక్కో నెట్‌వర్క్ పరికరానికి వేరుగా ఉండాల్సిన పన్నెండు అక్షరాల గుర్తింపు నంబరు) ఒకటే. స్టిక్కర్ మీద వేరువేరు, లోపల మాత్రం ఒకటే. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఇచ్చే చిరునామా) పంచే రౌటరు మాక్‌ను బట్టే ఇస్తుంది కాబట్టి నాలుగింటికీ ఒకే ఐపీ పోయింది. సెట్టింగుల పేజీ తెరిస్తే ఒకసారి కింది అంతస్తుది, ఇంకోసారి పైదీ వస్తుంది. వైఫై వైపు ఇంకా ఘోరం. ఫోన్ ఒక యాక్సెస్ పాయింట్‌ను ఇంకోదాని నుంచి వేరుగా గుర్తుపట్టేది ఆ అడ్రస్‌తోనే. రెండో అంతస్తులో కలిసిన ఫోన్, మూడో అంతస్తుకు పోయినా పాతదానితోనే ఉన్నాననుకుంటుంది. పైనున్నదానికి ఆ ఫోన్ ఎవరో తెలియదు, తోసేస్తుంది. భక్తులు కౌంటర్ దగ్గరికొచ్చి గొడవ పడకుండా ఎట్లుంటారు?

ల్యాప్‌టాప్ తీసుకుని అంగడికి పోయి, ఆయన కళ్ళ ముందే ఒక్కోటి కేబుల్‌తో తగిలించి చూపించినా. నాలుగూ 00-0సి-43తో మొదలై చివరి అంకె దాకా అదే నంబరు. మొదటి ఆరు అక్షరాలు ఏ కంపెనీదో చెబుతాయి. ఆ వరస రాలింక్ అనే చిప్ కంపెనీది, 2011లో దాన్ని మీడియాటెక్ కొనేసింది. రాలింక్ చిప్ బోర్డుల్లో అసలు అడ్రస్ రాయకపోయినా, చెరిగిపోయినా తరచుగా బయటికొచ్చేది ఈ వరసే. పెట్టె మీదున్న కంపెనీకి దీనికి సంబంధమే లేదు. ఆయన స్క్రీన్ వైపు కూడా చూడలేదు. ఫోన్‌లో ఎవరికో మెసేజ్ కొడుతూనే, "ఏం సామీ, వైఫై వాడుకునేదానికి కొన్నావా, నంబర్లు లెక్కపెట్టుకునేదానికి కొన్నావా? లైటు వెలుగుతా ఉంది కదా" అన్నాడు. స్టిక్కర్ అంచు గోటితో లేపితే, కింద పాత స్టిక్కర్ గీకేసిన జిగురు, కంపెనీ అచ్చులో సగం అక్షరం కనిపించినాయి. అది చూపించినాక తలెత్తి, "బిల్లు ఉంటే తీసుకురా పో" అన్నాడు. బిల్లు వద్దంటే ఒక్కోదాని మీద రెండు వందలు తగ్గిస్తానన్నది ఆయనే!

ఇందులో నా తప్పూ ఉంది. నాలుగు స్టిక్కర్ల చివరి అంకెలు 41, 42, 43, 44. అక్కడే ఆగి ఉండాల్సింది. డ్యూయల్ బ్యాండ్ పరికరానికి ల్యాన్‌కు (కేబుల్ తగిలించే చోటుకు) ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్‌కొకటి, 5 గిగాహెర్ట్జ్‌కొకటి అడ్రస్ కావాలి. కంపెనీలు మామూలుగా వాటిని వరసగానే కేటాయిస్తాయి. 41 ఉన్న పెట్టే 42ను, 43ను కూడా వాడుకుంటుంది. పక్క పెట్టె మీద 42 ఎట్లా ఉంటుంది? ఆ స్టిక్కర్లు ఎవరో కూర్చుని కొట్టినవి.

లోపల జరిగింది ఇదీ. ఏదో ఒక బోర్డు నుంచి ఫ్లాష్ చిప్‌లో (సాఫ్ట్‌వేర్, సెట్టింగులు ఉండే మెమరీలో) ఉన్నదంతా కాపీ తీసి మిగతావాటికి ఎక్కించినారు. ఈ చిప్‌ల బోర్డుల్లో 'ఫ్యాక్టరీ' అని ఒక చిన్న భాగం ఉంటుంది. మాక్ అడ్రస్, ఆ బోర్డు రేడియోకు మాత్రమే సరిపోయే క్యాలిబ్రేషన్ లెక్కలు అందులోనే ఉంటాయి. దాన్నీ కలిపి ఎక్కిస్తే అడ్రస్ ఒకటే అవుతుంది, సిగ్నల్ కూడా దెబ్బతింటుంది. అడ్రస్ మార్చుకున్నా రేడియో బాగుపడదు. సెట్టింగుల పేజీలో కంపెనీ లోగో కనిపించిందని మోసపోవద్దు, అదొక బొమ్మ ఫైలు, ఎవరైనా మార్చొచ్చు.

కొనేముందు ఐదు నిమిషాలు చాలు. పరికరాన్ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించండి, మధ్యలో రౌటర్ ఉంటే దాని అవతలి మాక్ కనపడదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పరికరం ఐపీకి ఒక పింగ్ (ఉన్నావా అని అడిగే కమాండ్) కొట్టి, తర్వాత ఆర్ప్ అని, ఒక ఖాళీ వదిలి, మైనస్ ఎ (arp -a) కొట్టండి. ఆ ఐపీ ఎదురుగా వచ్చేది పరికరం తన నోటితో తాను చెప్పే అడ్రస్. దాన్ని స్టిక్కర్‌తో, పెట్టెతో పోల్చండి. చివరి అంకెలో ఒకటి రెండు తేడా ఉంటే ఫర్వాలేదు. మొదటి ఆరు అక్షరాలే తేడా ఉంటే ముట్టుకోవద్దు.

ఆ మొదటి ఆరు ఎవరివో, ఈ వరసలను కంపెనీలకు కేటాయించే ఐఈఈఈ అనే సంస్థ వాళ్ళు పెట్టే ఓయూఐ జాబితాలో (ఏ వరస ఏ కంపెనీదో చెప్పేది) వెతకండి. ఫోన్ యాప్‌లలో జాబితా పాతదై ఉండొచ్చు. కంపెనీ పేరుకు బదులు ఐఈఈఈ రిజిస్ట్రేషన్ అథారిటీ అని వస్తే కంగారు పడొద్దు. ఆ వరసను చిన్న ముక్కలు చేసి చాలామందికి ఇచ్చినారని అర్థం. ఏడు లేదా తొమ్మిది అక్షరాలతో చిన్న జాబితాల్లో చూడాలి. పెట్టె మీద ఒక పేరు, జాబితాలో తయారుచేసిచ్చే ఫ్యాక్టరీ పేరు రావడమూ మామూలే, ల్యాప్‌టాప్‌లలో ఫాక్స్‌కాన్ వాళ్ళ హాన్ హాయ్ పేరు కనిపించేది అందుకే. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ (A), ఇ (E) వీటిలో ఏదైనా అయితే అది ఐఈఈఈ ఇచ్చింది కాదు, పరికరమే పెట్టుకున్నది. గెస్ట్ వైఫైకి 50తో మొదలయ్యే అడ్రస్ 52 అయ్యేది ఇట్లానే. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మాక్ దాచి సొంతంగా ఒకటి పెట్టుకునేదీ ఇట్లానే. అందుకని గెస్ట్ వైఫై అడ్రస్ పట్టుకుని వెతకొద్దు, ల్యాన్‌ది చూడండి.

అన్నీ కలిసినా అసలుదని పూర్తి భరోసా లేదు, మాక్‌ను మార్చొచ్చు. సీరియల్ నంబరు కూడా కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. రెండు మూడు కొంటుంటే అన్నింటినీ తగిలించి చూడండి, ఒకటి చూసి వదిలేయొద్దు. బిల్లు మీద సీరియల్, మాక్ రెండూ రాయించుకోండి. బిల్లు ఉన్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

సగం ధరకు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఇస్తే రేపు ఇంకో లాడ్జికి అంటగడతాడని ఇవ్వలేదు. అదే మోడల్ ఇంకో అట్టపెట్టె నిండా ఆయన అంగట్లో ఉంది.